హామీని గౌరవించడమంటే లెక్క అడగడమే

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు రాజనీతిశాస్త్రం చెప్పేవారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అన్ని పార్టీల మేనిఫెస్టోలూ తెప్పించుకుని, పెన్సిల్ చేతబట్టుకుని చదివేవారు. ఒక్కో హామీ పక్కన, కాగితం అంచున, సన్నటి అక్షరాలతో ప్రశ్నలు రాసేవారు. డబ్బు ఎక్కడిది? ఏ చట్టం మార్చాలి? ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతేమిటి? ఆ కాగితాలు చూసినవాళ్లకు ఒక విషయం తెలుసు. ఆయనకు ఇష్టమైన పార్టీ మేనిఫెస్టో మీదే పెన్సిల్ రాతలు ఎక్కువ. మనం గెలవాలని కోరుకునేవాళ్లనే ముందుగా, గట్టిగా అడగాలన్నది ఆయన నమ్మకం.

ఆ పద్ధతిలోనే ఇవాళ ఒక హామీని మీతో కలిసి పరిశీలిస్తాను. అమెరికా అధ్యక్ష పదవికి డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీపడిన సెనేటర్ బెర్నీ శాండర్స్ 2016లోనూ 2020లోనూ ఇచ్చిన హామీ అది. దేశంలో ఉండే ప్రతి మనిషికీ ప్రభుత్వమే ఆరోగ్య బీమా ఇస్తుందన్నారు. ఆస్పత్రిలో బిల్లు ఉండదన్నారు. దానికి ‘మెడికేర్ ఫర్ ఆల్’ అని పేరు పెట్టారు. ఈ సభలో పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఈ వాదన వాళ్ల ఇంటి వాదన కూడా.

నా అభిప్రాయం ముందే చెబుతాను. శాండర్స్ నిలబడ్డ సూత్రం న్యాయమైనది. ఆయన చూపించిన లెక్క మాత్రం చాలలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పేవాళ్లకు ఆ ఎన్నికల్లో చోటు దొరకలేదు. ఒక వర్గం హామీని ‘అసాధ్యం’ అని కొట్టిపారేసింది. మరో వర్గం లెక్క అడిగినవాళ్లను ద్రోహుల్లా చూసింది. ఇద్దరూ వాదనను మొదలుకాకుండానే ముగించారు. అసలు జరగవలసిన వాదన ఏమిటన్నదే నా ఉపన్యాసం.

పార్టీ బయటి మనిషి

శాండర్స్ 1941లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తండ్రి పోలండ్ నుంచి వలస వచ్చిన యూదుడు, రంగులు అమ్మే సేల్స్‌మన్. కొడుకు 1981లో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌కు మేయరుగా గెలిచారు. మెజారిటీ 10 ఓట్లు. 1990లో ప్రతినిధుల సభకు, 2006లో సెనేట్‌కు స్వతంత్రుడిగానే ఎన్నికయ్యారు. సోషలిజం అనే మాట తిట్టుగా చెలామణీ అయ్యే దేశంలో ‘నేను డెమొక్రటిక్ సోషలిస్టును’ అని చెప్పుకుంటూ అన్నేళ్లు నిలబడ్డారు.

2015 ఏప్రిల్ 30న కాపిటల్ భవనం బయట పచ్చికలో విలేకరుల ముందు నిలబడి, తనకు ఎక్కువ సమయం లేదనీ మళ్లీ లోపలికి వెళ్లాలనీ చెప్పి, కొద్ది నిమిషాల్లో అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించేశారు. అప్పటికి ఆయన వయసు 73. డెమొక్రటిక్ పార్టీ టికెట్ మీద ఒక్కసారి కూడా గెలవని మనిషి ఆ పార్టీ అభ్యర్థిత్వం కోసం హిల్లరీ క్లింటన్‌తో తలపడ్డారు.

ప్రైమరీ పద్ధతి వల్లే ఇది వీలైంది. మన దగ్గర టికెట్ ఎవరికన్నది పార్టీ అధిష్ఠానం తేలుస్తుంది. అక్కడ రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో ఓటర్లే పార్టీ అభ్యర్థిని ఎన్నుకుంటారు. పెద్దల ఆశీస్సులు లేనివాడు కూడా నేరుగా ఓటరు ముందుకు వెళ్లవచ్చు. 2016 ఫిబ్రవరి 1న అయోవాలో క్లింటన్‌కు 49.8 శాతం, శాండర్స్‌కు 49.6 శాతం. వారం తర్వాత న్యూ హాంప్‌షైర్‌లో ఆయనకు 60 శాతం. సగటు విరాళం 27 డాలర్లని ప్రతి సభలోనూ చెప్పేవారు, జనం ఆ అంకెను ఆయనతో పాటు అరిచి చెప్పేవారు. చివరికి ఓడిపోయారు గానీ, కోటీ 30 లక్షల ఓట్లు తెచ్చుకున్నారు.

హామీ వెనక ఉన్న బాధ

1999లో, ప్రతినిధుల సభ సభ్యుడిగా ఉన్నప్పుడు, శాండర్స్ తన రాష్ట్రానికి చెందిన కొందరు మహిళలను బస్సులో సరిహద్దు దాటించి కెనడాలోని మాంట్రియల్‌కు తీసుకెళ్లారు. వారిలో చాలామంది రొమ్ము క్యాన్సర్ రోగులు. వాళ్లు వాడే టామాక్సిఫెన్ మాత్రలు అక్కడ అమెరికా ధరలో పదో వంతుకే దొరికాయని ఆయన చాలాసార్లు చెప్పారు. మందు ఒకటే, దేశం మారింది. పేటెంట్ ఉన్న మందుల ధరలు హద్దు దాటకుండా చూడడానికి కెనడా 1987లోనే ఒక బోర్డు పెట్టుకుంది. అమెరికాలో అప్పుడు అటువంటిది లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2019లో, ఇదే మనిషి ఇన్సులిన్ కోసం మధుమేహ రోగులతో మళ్లీ సరిహద్దు దాటారు. ఈసారి ఆంటారియోలోని విండ్సర్‌కు.

అమెరికాలో బీమా ఉద్యోగానికి ముడిపడడం ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ధరలు అదుపులో ఉంచడానికి ప్రభుత్వం జీతాల పెంపు మీద ఆంక్షలు పెట్టింది. పనివాళ్లు దొరక్క, జీతం పెంచలేక, కంపెనీలు ఆరోగ్య బీమాను ఎరగా చూపాయి. 1954 పన్ను చట్టం ఆ బీమాకు పన్ను మినహాయింపును ఖాయం చేసింది. యుద్ధం పోయింది, ఏర్పాటు మిగిలిపోయింది.

అధ్యక్షుడు ట్రూమన్ 1945 నవంబరులో అందరికీ జాతీయ ఆరోగ్య బీమా కావాలని కాంగ్రెస్‌కు సందేశం పంపారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని సోషలిజం అని ముద్ర వేసి ఓడించింది. ఇరవై ఏళ్లకు, 1965 జులై 30న, లిండన్ జాన్సన్ ట్రూమన్ సొంతవూరు ఇండిపెండెన్స్‌కు వెళ్లి, వృద్ధుల కోసం మెడికేర్ చట్టం మీద సంతకం చేసి, మొదటి కార్డు ట్రూమన్ చేతికే ఇచ్చారు. 1966 జులై 1న పథకం మొదలయ్యేనాటికి దాదాపు కోటీ 90 లక్షల మంది నమోదయ్యారు. నల్లవారినీ తెల్లవారినీ వేరువేరు వార్డుల్లో పెట్టే ఆస్పత్రులకు మెడికేర్ డబ్బు ఇవ్వబోమని ప్రభుత్వం తెగేసి చెప్పడంతో, దక్షిణాది రాష్ట్రాల ఆస్పత్రుల్లో తరాలుగా ఉన్న అడ్డుగోడలు కొద్ది నెలల్లో కూలిపోయాయి. ఒక బీమా పథకం చేసిన ఈ సామాజిక మార్పును ఎంత చెప్పుకున్నా తక్కువే.

1993లో బిల్ క్లింటన్ మొదలుపెట్టిన ప్రయత్నం ఓటుదాకా కూడా రాకుండా కుప్పకూలింది. 2010 మార్చి 23న ఒబామా సంతకంతో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం కోట్ల మందిని బీమాలోకి తెచ్చింది. అయినా 2015లో దాదాపు 2 కోట్ల 90 లక్షల మందికి ఏ బీమా లేదు. ఆ ఏడాది ఆ దేశం ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చు 3 లక్షల 20 వేల కోట్ల డాలర్లు, జాతీయోత్పత్తిలో 17.8 శాతం. అంత ఖర్చు పెట్టి కూడా అంతమందిని బయట ఉంచిన దేశంలో శాండర్స్ హామీ పుట్టింది.

మన పిల్లల పే స్టబ్

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసే మన పిల్లల పే స్టబ్, అంటే జీతం చీటీ, ఎప్పుడైనా చూడండి. జీతంలో కోతల వరసలో ఒకచోట మెడికేర్ అని ఉంటుంది, 1.45 శాతం. కంపెనీ మరో 1.45 శాతం కడుతుంది. ఆ డబ్బు ప్రధానంగా అమెరికాలోని 65 ఏళ్లు దాటినవారి వైద్యానికి పోతుంది. కింద ఇంకో వరసలో కంపెనీ బీమాకు ఉద్యోగి వాటాగా కట్టే ప్రీమియం. ఆ తర్వాత కూడా జబ్బు చేస్తే ముందు సొంత జేబులోంచి కట్టే డిడక్టిబుల్, ఆపైన ప్రతిసారీ కట్టే కో-పే. నెట్‌వర్క్‌లో లేని డాక్టరు దగ్గరికి వెళ్తే వేరే బిల్లు.

అదే పిల్లవాడికి లేఆఫ్ నోటీసు వస్తే ఏమవుతుంది? కొత్త ఉద్యోగం చూసుకోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో 60 రోజుల గడువు. కంపెనీ బీమా కూడా ఆ ఉద్యోగంతోనే పోతుంది. కోబ్రా చట్టం కింద పాత బీమాను కొన్నాళ్లు పొడిగించుకోవచ్చు. అయితే కంపెనీ ఇన్నాళ్లూ కట్టిన వాటాతో సహా పూర్తి ప్రీమియం, దాని మీద 2 శాతం ఖర్చులు, తనే కట్టాలి. జీతం ఆగిన నెలలోనే పెద్ద ఖర్చు నెత్తిన పడుతుంది. ఇంట్లో కడుపుతో ఉన్న భార్యో, ఉబ్బసం ఉన్న బిడ్డో ఉంటే ఆ 60 రోజులు ఎలా గడుస్తాయో అనుభవించినవారికి చెప్పనక్కర్లేదు.

కాన్పుకు సాయంగా విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నల సంగతి వేరు. వాళ్లు కొనే ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటిలో పాత జబ్బులకు కవరేజీ ఉండదు, ఉన్నా పరిమితులు ఉంటాయి. బీపీ, షుగర్ మాత్రలు ఆరు నెలలకు సరిపడా సూట్‌కేసులో సర్దుకుని వెళ్లడం మన ఇళ్లలో మామూలైపోయింది. శాండర్స్ 2017లో తెచ్చిన బిల్లు చట్టమై ఉంటే హెచ్-1బీ కుటుంబం దాని కిందికి వచ్చేది, ఎందుకంటే అందులో అర్హత దేశంలో నివాసం ఉండడమే. చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులు వచ్చేవారు కాదు. వైద్యం కోసమే దేశంలోకి వచ్చేవారిని ఆపే నిబంధన కూడా బిల్లులో ఉంది. మంచి హామీకైనా ఎక్కడో ఒక గీత ఉంటుంది. ఆ గీతకు మనం ఏ పక్కన ఉన్నామో చూసుకోవడం మొదటి పని.

కాగితం మీదికి వచ్చిన రోజు

2016 జనవరి 17న దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో డెమొక్రటిక్ అభ్యర్థుల టీవీ చర్చ. అది మొదలవడానికి కొద్ది గంటల ముందు శాండర్స్ బృందం తన ఆరోగ్య పథకాన్ని విడుదల చేసింది. ఆస్పత్రి, మందులు, పళ్లు, కళ్లు, మానసిక ఆరోగ్యం, దీర్ఘకాలిక సంరక్షణ అన్నీ అందులో ఉన్నాయి. డిడక్టిబుల్ లేదు, కో-పే లేదు. ఏటా అదనంగా కావలసింది 1 లక్షా 38 వేల కోట్ల డాలర్లని రాశారు. దానికి యజమానుల నుంచి జీతాల మీద 6.2 శాతం, కుటుంబాల ఆదాయం మీద 2.2 శాతం, రెండున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయాలకు హెచ్చు పన్ను. కోటి డాలర్లు దాటితే పన్ను రేటు 52 శాతం.

ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు. ఏటా 50 వేల డాలర్లు సంపాదించే నలుగురు సభ్యుల కుటుంబం ఈ పథకం కింద కట్టేది ఏడాదికి 466 డాలర్లు. ఆ ఉద్యోగి కోసం యజమాని కట్టేది 3,100 డాలర్లు. అప్పట్లో కుటుంబ బీమాకు యజమానులు పెడుతున్న ఖర్చు దీనికి నాలుగు రెట్లు. కాగితం మీద ఇది ఎంత ఆకర్షణీయంగా ఉందో చూడండి. పన్ను పెరుగుతుందని ఎన్నికల్లో ఒప్పుకునే నాయకుడు అరుదు. శాండర్స్ ఒప్పుకున్నారు. ప్రీమియం పోతుంది, పన్ను వస్తుంది, మొత్తం మీద మీకు మిగులుతుందని చెప్పారు. ఈ నిజాయతీకి ఆయనకు నమస్కరించాలి.

ఆ రాత్రి క్లింటన్ వాదన మరోలా సాగింది. ఎంతో కష్టపడి సాధించుకున్న ఒబామా చట్టాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదటికొస్తే ఉన్నదీ పోతుందన్నారు. ఆ చట్టం రాయడంలో నాకూ భాగం ఉంది, దాన్ని చింపడం లేదు, ముందుకు తీసుకెళ్తున్నానని శాండర్స్ బదులిచ్చారు. పన్నెండు రోజుల తర్వాత అయోవాలోని డెమోయిన్‌లో క్లింటన్ ఇంకో అడుగు వేసి, అది ఎన్నటికీ జరగదని తేల్చేశారు. 1993లో భర్త ప్రభుత్వంలో అందరికీ బీమా కోసం పోరాడి దెబ్బతిన్నది ఆమే. ఆ అనుభవం నుంచి వచ్చిన మాటే అది. కానీ ఓటరుకు కావలసింది జోస్యం కాదు. అంకెల్లో లోపం ఎక్కడుందో చూపిస్తే చాలు.

అంకెల దగ్గర

ఆ పని ఎమరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెన్నెత్ థోర్ప్ చేశారు. ఆయన బిల్ క్లింటన్ ప్రభుత్వంలో పనిచేసినవారు, అంతకన్నా ముఖ్యంగా వెర్మాంట్ శాసనసభకే ఇటువంటి పథకాల లెక్కలు వేసిపెట్టినవారు. ఏటా కావలసింది 1 లక్షా 38 వేల కోట్లు కాదు, 2 లక్షల 47 వేల కోట్ల డాలర్లన్నారు. యజమాని, ఉద్యోగి వాటాలు కలిపి 8.4 శాతం బదులు 20 శాతం కావాలన్నారు.

ఆయన పట్టుకున్న ఒక తప్పు ఈ వాదన మొత్తానికి అద్దం పడుతుంది. పథకానికి ఆధారమైన లెక్కలు వేసింది మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త జెరాల్డ్ ఫ్రీడ్‌మన్. మందుల ధరల మీద బేరమాడి ఏటా 32 వేల 400 కోట్ల డాలర్లు మిగల్చవచ్చని వేశారు. కానీ 2014లో డాక్టరు చీటీ మీద అమెరికా అంతా కలిసి కొన్న మందుల ఖర్చే 30 వేల 500 కోట్లు. ఖర్చు కంటే పొదుపు ఎక్కువైంది. ఎత్తిచూపాక దాన్ని 24 వేల 100 కోట్లకు సవరించారు. మాంట్రియల్ బస్సులో కూర్చున్న స్త్రీల బాధ నిజం. ఆ బాధను చూపి ఇలాంటి అంకెను దాటించలేం. బాధ నిజమైనప్పుడు అంకె ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒక్క తప్పు అంకె దొరికితే ఆ బాధనే అబద్ధమనడానికి ఎదుటివాళ్లు కాచుకుని ఉంటారు.

అటు పక్క కూడా బలమైన వాదన ఉంది. డేవిడ్ హిమ్మెల్‌స్టీన్, స్టెఫీ వూల్‌హ్యాండ్లర్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు థోర్ప్‌కు జవాబిచ్చారు. అమెరికా ఆస్పత్రుల ఖర్చులో పాతిక శాతానికి పైగా పాలన ఖర్చులకే పోతోందనీ, కెనడాలో అది దాదాపు సగమేననీ వారి బృందం 2014లో లెక్క తేల్చింది. వందల బీమా కంపెనీలతో వందల రకాల ఫారాలు నింపడానికి ఆస్పత్రులు పెట్టుకున్న సిబ్బంది ఖర్చు అది. డబ్బు కట్టేవాడు ఒక్కడే అయితే ఆ ఖర్చు చాలావరకు పోతుందన్నారు, థోర్ప్ ఆ పొదుపును మరీ తక్కువ చేసి చూపారన్నారు. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు.

2016 మే నెలలో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పదేళ్లకు ప్రభుత్వ ఖర్చు 32 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని అంచనా వేసింది. శాండర్స్ చెప్పిన పన్నులన్నీ కలిపినా పదేళ్లలో 15 లక్షల 30 వేల కోట్లే వస్తాయని టాక్స్ పాలసీ సెంటర్ లెక్క. సగం కూడా కాదు. రెండేళ్ల తర్వాత, 2018లో, మెర్కేటస్ సెంటర్ తరఫున చార్లెస్ బ్లహౌస్ వేసిన లెక్కలోనూ అదే స్థాయి అంకె, 32 లక్షల 60 వేల కోట్లు. అయితే అదే అధ్యయనంలో ఇంకో వరస ఉంది. ఆస్పత్రులకు, డాక్టర్లకు మెడికేర్ రేట్లే చెల్లిస్తే, ప్రభుత్వమూ ప్రజలూ కలిసి పెట్టే మొత్తం ఖర్చు పదేళ్లలో 2 లక్షల కోట్లు తగ్గుతుంది. వ్యతిరేకులు మొదటి అంకెను పట్టుకున్నారు, శాండర్స్ రెండో అంకెను పట్టుకున్నారు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. మెడికేర్ రేట్లు ప్రైవేటు బీమా చెల్లించేదాని కంటే చాలా తక్కువ. ఆ రేట్లతో పల్లెటూళ్ల ఆస్పత్రులు నడుస్తాయా? అసలు ప్రశ్న అది. దాని దగ్గర ఎవరూ నిలబడలేదు.

వెర్మాంట్ అనుభవం

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు ఒక జవాబు శాండర్స్ సొంత రాష్ట్రంలోనే ఉంది. ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న వెర్మాంట్ 2011లో అందరికీ ఒకే ప్రభుత్వ బీమా తేవడానికి చట్టం చేసింది. తైవాన్‌లో 1995 నుంచి నడుస్తున్న అటువంటి పథకానికి రూపకల్పన చేసిన హార్వర్డ్ ఆచార్యుడు విలియం షావ్‌ను అంతకుముందే పిలిపించి అధ్యయనం చేయించింది. గవర్నర్ పీటర్ షమ్లిన్ ఆ హామీ మీదే గెలిచినవారు. మూడేళ్లు అధికారులు లెక్కలు వేశారు. చివరికి తేలింది ఇది: వ్యాపార సంస్థల జీతాల మీద 11.5 శాతం పన్ను, కుటుంబాల ఆదాయం మీద 9.5 శాతం దాకా. 2014 డిసెంబరు 17న షమ్లిన్ పథకాన్ని విరమించుకున్నారు.

నన్ను ఎక్కువగా బాధించేది ఆ విరమణ కాదు. చిన్న రాష్ట్రం, కేంద్రంలా అప్పు చేయలేదు, రాష్ట్రం దాటిపోయే వ్యాపారాన్ని ఆపలేదు. అక్కడ కుదరనిది దేశమంతటికీ కుదరవచ్చు. కానీ ఆ అనుభవం గడిచి ఏడాది తిరిగేసరికి, అదే రాష్ట్రపు సెనేటర్ దేశానికి 6.2, 2.2 శాతాల లెక్క చూపారు. మా ఇంట్లో ఇలా జరిగింది, దేశంలో ఇలా జరగకుండా ఈ పని చేస్తానని ఆయన విడమరచి చెప్పవలసింది. చెప్పి ఉంటే ఆయన హామీకి బలం పెరిగేది.

కాగితం లేని హామీ

అదే 2016లో రిపబ్లికన్ ప్రైమరీల్లోనూ పార్టీ బయటి మనిషే నిలబడ్డారు. డొనాల్డ్ ట్రంప్ 2015 సెప్టెంబరులో ‘60 మినిట్స్’ టీవీ కార్యక్రమంలో అందరికీ వైద్యం అందేలా చూస్తాననీ, ఆ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందనీ అన్నారు. కొన్ని నెలలకు ఆయన ప్రచార బృందం విడుదల చేసిన ఏడు అంశాల పత్రంలో అందరికీ వైద్యం అన్న మాటకు దారి లేదు. ఒబామా చట్టం రద్దు, రాష్ట్రాల సరిహద్దులు దాటి బీమా అమ్మకం, పేదల మెడికెయిడ్‌కు గంపగుత్త నిధులు ఉన్నాయి. 2017 మే 4న ప్రతినిధుల సభ 217-213 ఓట్లతో రద్దు బిల్లును ఆమోదించింది. దానివల్ల 2026 నాటికి 2 కోట్ల 30 లక్షల మంది అదనంగా బీమా కోల్పోతారని కాంగ్రెస్ సొంత బడ్జెట్ కార్యాలయమే చెప్పింది. జులై 28 తెల్లవారుజామున సెనేట్‌లో, ట్రంప్ పార్టీకే చెందిన జాన్ మెక్‌కెయిన్ బొటనవేలు కిందికి చూపి, ఒబామా చట్టాన్ని నిలబెట్టారు. 49కి 51.

ఈ ఇద్దరి హామీలనూ ఒకే గాటన కట్టినవాళ్లు ఉన్నారు. ఇద్దరూ జనాకర్షణ కోసమే మాట్లాడారన్నారు. నేను ఒప్పుకోను. శాండర్స్ పన్నుల శాతాలు రాశారు కనుకనే థోర్ప్ ఆయన్ను తప్పు పట్టగలిగారు. తప్పు పట్టడానికి వీలైన హామీ ఇవ్వడం ఓటరు మీద గౌరవం. లెక్క రాసినవాడికి చీవాట్లు, రాయనివాడికి చప్పట్లు దక్కితే, వచ్చే ఎన్నికల్లో ఎవరూ లెక్క రాయరు. విలేకరులూ, ఆర్థికవేత్తలూ, ఓటర్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఉన్నది పోతుందన్న భయం

2020 ఫిబ్రవరిలో నెవాడా కాకస్ వేళ, అంటే ఓటర్లు ఒకచోట చేరి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే వేళ, జరిగిన సంగతి చెబుతాను. లాస్ వేగాస్ హోటళ్లు, కాసినోల్లో గదులు శుభ్రం చేసేవారు, వంటవారు, సర్వర్లు కలిసి దాదాపు 60 వేల మంది సభ్యులున్న కలినరీ యూనియన్‌కు సొంత ఆరోగ్య నిధి ఉంది. సభ్యులు నెలనెలా ప్రీమియం కట్టనక్కర్లేదు. కుటుంబాలతో కలిపి లక్షా 30 వేల మందికి అది వైద్యం ఇస్తుంది. దాని వెనక దశాబ్దాల పోరాటాలున్నాయి. ఫ్రాంటియర్ హోటల్ ముందు 1991లో మొదలైన సమ్మె ఆరేళ్లకు పైగా సాగింది. జీతం పెంపు తగ్గించుకుని మరీ ఆ బీమాను కాపాడుకున్నారు. శాండర్స్ పథకం వస్తే ఆ నిధి పోతుంది. అది రాసి యూనియన్ కరపత్రం పంచింది. శాండర్స్ అభిమానుల్లో కొందరు యూనియన్ నాయకురాళ్ల మీద ఆన్‌లైన్‌లో దూషణలకు దిగారు. ఆ దూషణలను శాండర్స్ ఖండించారు.

ఫిబ్రవరి 22న ఆ కార్మికులే బెలాజియో వంటి హోటళ్లలో పెట్టిన కాకస్ కేంద్రాలకు యూనిఫాంలతో వచ్చారు. యూనియన్ మాట పక్కన పెట్టి చాలామంది శాండర్స్ పక్షాన నిలబడ్డారు. రాష్ట్రంలో ఆయన ఘనంగా గెలిచారు. తమకు మంచి బీమా ఉన్నా, అది లేని బంధువులు వాళ్ల ఇళ్లలోనే ఉన్నారు. ఉద్యోగం పోతే తమకూ ఉండదని వాళ్లకు తెలుసు.

అయినా యూనియన్ భయం తప్పని నేను అనను. ఆ దేశంలో 15 కోట్ల మందికి పైగా యజమాని ఇచ్చే బీమా మీదే ఉన్నారు. అందులో లోపాలున్నా అది చేతిలో ఉన్నది, రాబోయేది మాటలో ఉన్నది. ఉన్న ఇల్లు కూల్చి కొత్తది కడతామంటే, ఈలోగా ఎక్కడ ఉండాలని అడగని గృహస్థు ఉండడు. శాండర్స్ 2017లో తెచ్చిన బిల్లులో దీనికి నాలుగేళ్ల దారి చూపారు. ముందు 55 ఏళ్లు దాటినవారు, తర్వాత 45, తర్వాత 35, చివరికి అందరూ. నా దృష్టిలో ఆ హామీలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. 2019 జూన్‌లో అభ్యర్థుల టీవీ చర్చలో మాత్రం ప్రైవేటు బీమా రద్దు చేస్తారా, చేయి ఎత్తండి అని అడిగారు. నాలుగేళ్ల దారి గురించి చేయి ఎత్తి ఏం చెప్పగలం? అవును, కాదుల మధ్య అసలు సంగతి నలిగిపోయింది.

వాదన మిగిల్చింది

2013లో శాండర్స్ సెనేట్‌లో ఇటువంటి బిల్లే పెట్టారు. ఒక్క సెనేటర్ కూడా కలిసి సంతకం పెట్టలేదు. 2017లో 16 మంది పెట్టారు. 2020 ఏప్రిల్ 8న, కరోనాతో లక్షల మంది ఉద్యోగాలూ వాటితో పాటు బీమాలూ కోల్పోతున్న రోజుల్లోనే, ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. రెండేళ్లకు, 2022 ఆగస్టులో, జో బైడెన్ సంతకం చేసిన చట్టం మందుల ధరల మీద బేరమాడే అధికారాన్ని మెడికేర్‌కు ఇచ్చింది. మెడికేర్‌లో ఉన్నవారికి ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటకూడదంది. మందులకు వృద్ధులు సొంతంగా పెట్టే ఖర్చుకు 2025 నుంచి ఏడాదికో హద్దు పెట్టింది, మొదటి ఏడాది అది 2,000 డాలర్లు. శాండర్స్ అడిగినదానిలో ఇది చిన్న భాగం. ఆయన అడగకపోతే ఇదైనా ఇంత త్వరగా వచ్చేది కాదని నా నమ్మకం.

ఓడిన అభ్యర్థి హామీ గెలిచినవారి చట్టంలో ఇలా తలెత్తుతుంది. అయితే అలా తలెత్తిన భాగాలను గమనించండి. మందుల బేరం, ఇన్సులిన్ ధర, ఖర్చుకు హద్దు. మూడూ లెక్క తేలినవి, డబ్బు ఎక్కడిదో తెలిసినవి, ఎవరి చేతిలోంచీ ఉన్నది లాక్కోనివి. లెక్క తేలని భాగం ఇంకా సభల్లో నినాదంగానే ఉంది. సూత్రం ఎంత గొప్పదైనా దాన్ని చట్టం దాకా మోసుకెళ్లేది పన్నుల పట్టిక, రేట్ల పట్టిక, మార్పు కాలపు పట్టిక.

అందుకే ఈ సభలోని యువతకు నా విన్నపం ఇది. అమెరికాలో పౌరసత్వం తీసుకుని ఓటు వేసే మన పిల్లలకూ ఇదే చెప్పండి. అందరికీ వైద్యం అనే హామీతో ఎవరైనా మీ ముందుకు వస్తే, అది కుదిరే పని కాదని నవ్వేవాళ్లతో చేరకండి. మనిషి ప్రాణం అతని ఉద్యోగానికో వీసాకో వేలాడకూడదన్నది న్యాయమైన కోరిక, దాన్ని కోరడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. కానీ చప్పట్లు కొట్టే ముందు ఆ అభ్యర్థిని అడగండి: ఏ పన్ను ఎంత పెరుగుతుంది? ఆస్పత్రికి ఏ రేటు ఇస్తారు, ఆ రేటుతో మా ఊరి ఆస్పత్రి నిలుస్తుందా? నా పాత బీమా ఏ రోజు ఆగుతుంది, కొత్తది ఏ రోజు మొదలవుతుంది? జవాబు చెప్పినవారు మీకు నచ్చని జవాబు చెప్పినా సరే, వారినే గట్టిగా నిలబెట్టండి. అటువంటి నాయకులు గెలిచిన చోట హామీ చట్టమవుతుంది. చట్టమైన నాడే అది రోగి మంచం దాకా వెళ్తుంది.